ఆస్ట్రేలియా పెళ్లి చట్టం సర్వే: కవరు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పరమట్టా లెక్క దాకా

2017 ఆగస్టులో ఆస్ట్రేలియా ప్రభుత్వం స్వలింగ వివాహం మీద జనాభిప్రాయం అడుగుతామని చెప్పగానే, పశ్చిమ సిడ్నీ తెలుగు ఇళ్లలో ముందుగా వినబడిన ప్రశ్న "వెయ్యకపోతే ఫైన్ పడుతుందా?" అని. ఇక్కడ ఫెడరల్ ఎన్నికల్లో ఓటు తప్పనిసరి. కారణం లేకుండా ఎగ్గొడితే 20 డాలర్లు కట్టాలి. అలవాటుపడ్డ ప్రాణాలకు ఆ అనుమానం రావడం సహజమే. ఇది మాత్రం ఎన్నికా కాదు, రెఫరెండమూ కాదు. ఇష్టముంటే జవాబు రాసి పంపొచ్చు, లేదంటే ఊరుకోవచ్చు. నడిపింది కూడా ఎన్నికల కమిషన్ కాదు, జనాభా లెక్కలు తీసే స్టాటిస్టిక్స్ బ్యూరో. అందరూ ఏబీఎస్ అంటారు.

మా పేటల్లో ఎన్‌రోల్‌మెంట్ పనికీ, ఫారాల విషయంలో సాయానికీ తిరిగినవాళ్లం ఆ మూడు నెలల్లో గమనించింది ఒకటుంది. వాదనల కన్నా, కవరు ఎవరి చేతికి అందింది, ఎప్పుడు అందింది, ఎవరి ముందు విప్పారు అన్నవే ఎక్కువ పనిచేశాయి. అందుకే ఇందులో వాదనల గురించి తక్కువ, కవరు గురించి ఎక్కువ.

ముందు, అసలు జనాన్ని ఎందుకు అడిగారో చెప్పాలి. 1961 నాటి మ్యారేజ్ యాక్ట్‌లోకి "ఒక పురుషుడు, ఒక స్త్రీ" అనే నిర్వచనం వచ్చింది 2004లో, జాన్ హోవర్డ్ ప్రభుత్వం చేసిన సవరణతో. దాన్ని మార్చడానికి పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. 2013లో కాన్‌బెర్రా ప్రాంతపు అసెంబ్లీ సొంతంగా స్వలింగ వివాహ చట్టం చేస్తే, కొన్ని పెళ్లిళ్లు జరిగిన అయిదు రోజులకే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు స్థాయి. ఆ తీర్పులోనే, ఇలాంటి చట్టం చేసే అధికారం ఫెడరల్ పార్లమెంటుకు ఉందని తేల్చేసింది. 2015లో ఐర్లండ్ ప్రజల దగ్గరికి వెళ్లిందంటే అక్కడ రాజ్యాంగమే మార్చాలి కాబట్టి. ఆస్ట్రేలియాకు ఆ అవసరం లేదు. అధికారంలో ఉన్న లిబరల్ కూటమిలో తగువు తెగక, ప్రజలనే అడుగుదామని 2015లో అప్పటి ప్రధాని టోనీ అబాట్ అన్నారు, తర్వాత ప్రధాని అయిన మాల్కమ్ టర్న్‌బుల్ ఆ మాటను మోశారు. తప్పనిసరి ఓటుతో ప్లెబిసైట్, అంటే దేశమంతటా జనాభిప్రాయం అడిగే ఓటు, పెట్టే బిల్లును సెనేట్ 2016 నవంబర్‌లో ఒకసారి తిరస్కరించింది, 2017 ఆగస్టులో మళ్లీ ముందుకు కదలనివ్వలేదు. అప్పుడు సెనేట్‌తో పనిలేకుండా, గణాంకాల సేకరణ పేరుతో పోస్టల్ సర్వే తెచ్చారు. 12.2 కోట్ల డాలర్లు కేటాయించారు. దాని మీద పడ్డ కేసులను హైకోర్టు సెప్టెంబర్ 7న ఏకగ్రీవంగా కొట్టేసింది. చివరికి ఖర్చు 8.05 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. పార్లమెంటు సభ్యులు జీతం తీసుకునే పనిని జనం నెత్తిన పెట్టారన్న విమర్శ నాకు ఇప్పటికీ సబబుగానే కనిపిస్తుంది. ఎవరో ఇద్దరు పెళ్లి చేసుకోవచ్చా లేదా అని కోటీ అరవై లక్షల మందిని అడగడం ఆ ఇద్దరికీ సుఖమైన అనుభవం కాదు. అయితే, పెట్టాక నడిపిన తీరు మాత్రం చాలావరకు శుభ్రంగా ఉంది.

అర్హత సూటిగానే ఉంది: ఆస్ట్రేలియా పౌరసత్వం, 18 ఏళ్లు నిండి ఉండటం, ఆగస్టు 24 అర్ధరాత్రికల్లా ఓటర్ల రోల్‌లో పేరు. ఎన్‌రోల్ కావడానికి ఆన్‌లైన్‌లో డ్రైవింగ్ లైసెన్స్ నంబరో, ఆస్ట్రేలియన్ పాస్‌పోర్ట్ నంబరో చాలు. రెండూ లేకపోతే రోల్‌లో ఉన్న మరొకరు ఫలానా మనిషే అని ధ్రువీకరించొచ్చు. ఆ రెండు వారాల్లో దేశం మొత్తం మీద దాదాపు 98 వేల మంది కొత్తగా చేరారు. అడ్రస్ మార్చుకున్నవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

మన ఇళ్లలో చిక్కంతా పౌరసత్వం దగ్గరే. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కనుక, కావాలనే పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద ఉండిపోయినవాళ్లు చాలామంది. ఒకే ఇంట్లో భర్త పౌరుడు, భార్య పీఆర్, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామలు, ఇక్కడే పుట్టి 18 దాటిన కూతురు ఉంటే, కవర్లు వచ్చేది రెండే. పేరెంట్ వీసా మీద వచ్చి ఏళ్లు గడిచాక పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్లకు మాత్రం వచ్చాయి. 2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దేశంలో 34 వేల పైచిలుకు. వాళ్లలో అసలు కవరు వచ్చే అవకాశం ఉన్నవాళ్లు అందులో ఒక భాగమే. ఫలితాలు చూసి "మనవాళ్లు ఇలా వేశారు" అనేవాళ్లు మొదట మర్చిపోయేది ఈ సంగతే.

సెప్టెంబర్ 12 నుంచి కవర్లు పోస్టు చేయడం మొదలుపెట్టి, 25 నాటికి అందరికీ చేరాలన్నారు. కవర్లో మూడుంటాయి: వివరాల ఉత్తరం, ఫారం, స్టాంపు అక్కర్లేని తిరుగు కవరు. ఫారం మీద ప్రశ్న ఒక్కటే. స్వలింగ జంటలు పెళ్లి చేసుకునేలా చట్టం మార్చాలా? కింద యెస్, నో అని రెండు గళ్లు. పేరుండదు, సంతకం అక్కర్లేదు. బార్‌కోడ్ ఉంటుంది. గందరగోళాలు ఎక్కువగా పుట్టింది ఆ బార్‌కోడ్ దగ్గరే.

"దీన్ని పట్టుకుని మనం ఏం రాశామో ఇమిగ్రేషన్ వాళ్లు చూస్తారేమో బాబూ" అని పెద్దవాళ్లు అడిగేవారు. పౌరసత్వం వచ్చి నాలుగేళ్లయినా ఆ భయం పోదు. బార్‌కోడ్ పని, ఫలానా మనిషి నుంచి ఫారం వచ్చింది అని గుర్తు పెట్టుకోవడం, ఒక మనిషికి ఒక్క జవాబే లెక్కపెట్టడం. పేర్ల జాబితా ఒకచోట, జవాబులు మరోచోట ఉంచి రెంటినీ కలపకుండా ఏర్పాటు చేశారు. పని అయ్యాక ఫారాలు ధ్వంసం చేస్తామని ముందే చెప్పారు. అసలు ప్రమాదం వేరే వైపు నుంచి వచ్చింది. నింపిన ఫారం ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే ఉత్సాహవంతులు బార్‌కోడ్ కూడా కనబడేట్టు పెట్టేవాళ్లు. ఆ నంబర్‌తో ఇంకెవరైనా వేషాలు వేయొచ్చని, అది కనిపించనివ్వొద్దని పదేపదే చెప్పాల్సి వచ్చింది.

నింపడంలో తప్పులు తక్కువే. టిక్కు పెట్టినా, ఇంటూ పెట్టినా, ఉద్దేశం స్పష్టంగా తెలిస్తే లెక్కించారు. రెండు గళ్లలోనూ గుర్తు పెట్టినవి, ఏదీ పెట్టకుండా పంపినవి "అస్పష్టం" ఖాతాలోకి వెళ్లాయి. అవి దేశం మొత్తం మీద 36,686, అంటే 0.3 శాతం. పొరపాటున తప్పు గడిలో టిక్కు పడితే కొట్టేసి పక్కదాంట్లో పెట్టడం కన్నా కొత్త ఫారం అడగడమే మేలు. అక్టోబర్ 20 సాయంత్రం 6 దాకా ఆ అవకాశం ఉంది. తిరుగు కవర్లో ఫారం తప్ప ఇంకేమీ పెట్టకూడదు. ఉత్తరాలు, స్టిక్కర్లు, మెరుపుల పొడి లాంటివి కవర్లు విప్పే యంత్రాలకు అడ్డం పడతాయి.

అడ్రస్‌ల బెడద మాత్రం నింపడం కన్నా చాలా పెద్దది. వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ యూనిట్లలో అద్దెకుండి, ది పాండ్స్, స్కోఫీల్డ్స్ వైపు సొంతిల్లు కట్టుకుని వెళ్లిపోయినవాళ్లలో కొందరి పేరు రోల్‌లో పాత యూనిట్ దగ్గరే ఉండిపోయింది. కవరు అక్కడికే వెళ్లింది. యూనిట్ల లెటర్‌బాక్సులకు సగం తాళాలుండవు. పాత కిరాయిదార్ల కవర్లన్నీ కింద హాల్లో బల్ల మీద కుప్పగా పడి ఉండటం ఆ నెలలో మామూలు దృశ్యం. ఇంకొకరి ఫారం తీసుకుని నింపడం నేరం. కానీ ఎవరు తీశారో కనిపెట్టడం ఎవరి తరం? ఆగస్టు 24కి ముందు అడ్రస్ సరిచేసుకున్నవాళ్లకు ఈ గొడవే లేదు. చేసుకోనివాళ్లు సెప్టెంబర్ 25 దాకా చూసి, రాకపోతే వెంటనే ఏబీఎస్‌కు ఫోన్ చేసి కొత్తది తెప్పించుకోవాలి. "వచ్చే వారం చూద్దాం" అనుకున్నవాళ్లు చాలామంది అక్టోబర్ 20 దాటించేశారు. ఇంగ్లిష్‌తో ఇబ్బంది ఉంటే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుభాషిని అడగొచ్చని చెబితే, ఈ దేశంలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లూ ఆశ్చర్యపోయారు. ఆ నంబరు సర్వే కోసం పెట్టింది కాదు, ఆసుపత్రికైనా కౌన్సిల్‌కైనా పనికొస్తుంది.

ఆ సమయానికి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పౌరులకు వేరే దారి ఉంది. వైకల్యం వల్ల కాగితం నింపలేనివాళ్లకూ అదే దారి. సెక్యూర్ యాక్సెస్ కోడ్ అడిగి తెచ్చుకుని ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో జవాబు చెప్పొచ్చు. లేదంటే నమ్మకమైన మనిషికి తమ తరఫున నింపమని అప్పగించొచ్చు.

ఈ "నమ్మకమైన మనిషి" ఏర్పాటు కాగితం మీద మంచిదే. మన ఇళ్లలో మాత్రం అడగకుండానే అమల్లోకి వచ్చేసింది. ఎన్నికల రోజున బూత్‌లో అట్టపెట్టె వెనక ఒక్కరే నిలబడి గీస్తారు. భర్తా చూడడు, కొడుకూ చూడడు. ఇక్కడ బూత్ అంటే భోజనాల బల్ల. అన్ని కవర్లూ ఇంటిపెద్దే విప్పి, అన్నీ తానే నింపి, "అమ్మా, నీది కూడా పంపేశాను" అన్న ఇళ్లున్నాయి. యెస్ వైపూ జరిగింది, నో వైపూ జరిగింది. అమ్మానాన్నల ఫారాలు లాక్కుని నింపిన పిల్లలకు, మంచి పనే కదా అన్న ధీమా. ఎటువైపైనా అది నేరమే. మేం చెప్పింది ఒకటే: ఎవరి పేరున్న కవరు వాళ్లకే, విప్పకుండా ఇవ్వండి. గదిలోకి తీసుకెళ్లి నింపి, అతికించి, వాళ్లే ఎర్ర పోస్టు డబ్బాలో వేయనివ్వండి. కళ్లు కనబడనివాళ్లయితే ప్రశ్న చదివి వినిపించి, వాళ్లు చెప్పిన గడిలోనే గుర్తు పెట్టండి. ఇంట్లో చెప్పుకోలేని గే కొడుకో లెస్బియన్ కూతురో ఉన్న చోట, ఆ బల్ల దగ్గర జరిగే మాటలు ఏ టీవీ చర్చ కన్నా నేరుగా తగిలేవి. కాగితం సంగతి అలా ఉంచి, ఆ పిల్లల ముందు నోరు జాగ్రత్త అని కూడా చెప్పాల్సి వచ్చింది.

తేదీల విషయంలో యెస్, నో రెండు వైపుల ప్రచారకులూ దెబ్బతిన్నారు. గడువు నవంబర్ 7 సాయంత్రం 6 గంటలు. పోస్టులో ఆలస్యాలుంటాయి కాబట్టి అక్టోబర్ 27 లోపే వేసేయమన్నారు. జనం మాత్రం అంతదాకా ఆగలేదు. అక్టోబర్ 3న ఏబీఎస్ ఇచ్చిన మొదటి అంచనా ప్రకారం అప్పటికే 92 లక్షల ఫారాలు తిరిగొచ్చేశాయి, అంటే 57.5 శాతం. కవరు అందిన వారంలోనే సగం దేశం తేల్చేసుకుందన్నమాట. అక్టోబర్‌లో కొన్న టీవీ ప్రకటనలు, ఇల్లిల్లూ తిరగడాలు మిగిలిన కొద్దిమంది కోసమే. యెస్ వాళ్లు తెలియని నంబర్లకు ఎస్సెమ్మెస్‌లు పంపి కొంత చిరాకు మూటగట్టుకున్నారు. నో వాళ్లు పెళ్లిని వదిలేసి, చట్టం మారితే బడిలో పిల్లలకు ఏం నేర్పుతారో అని భయం పెట్టారు. సెప్టెంబర్ మధ్యలో పార్లమెంటు ఒక తాత్కాలిక చట్టం చేసి, ప్రకటనల మీద బాధ్యుల పేరుండాలని, బెదిరింపులు, ద్వేషపు మాటలు కుదరవని కట్టడి పెట్టింది.

మా దగ్గరికొచ్చిన ప్రశ్నల్లో ఎక్కువగా వినబడింది గుడి గురించి. "చట్టమొస్తే మన గుడిలో పంతులుగారు ఇద్దరు మగాళ్లకు పెళ్లి చేయాల్సిందేనా?" అక్కర్లేదు. మత సంప్రదాయంలో పెళ్లి చేయించే గురువు ఎవరికి చేయాలో తానే నిర్ణయించుకునే వెసులుబాటు 1961 చట్టంలో మొదటి నుంచీ ఉంది, కొత్త చట్టమూ దాన్ని ఉంచింది. రెండో ప్రశ్న, "కలిసి ఉండే హక్కులు వాళ్లకు ఎలాగూ ఉన్నాయిగా, పెళ్లెందుకు?" నిజమే, 2008, 2009ల్లో జరిగిన సవరణలతో పన్ను, సూపర్ (రిటైర్మెంట్ పొదుపు), వీసా విషయాల్లో డీ ఫ్యాక్టో, అంటే పెళ్లి కాకుండా కలిసి ఉండే, జంటలుగా గుర్తింపు వచ్చింది. తేడా రుజువు దగ్గర. డీ ఫ్యాక్టో అని చూపాలంటే ఉమ్మడి అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు, స్నేహితుల వాంగ్మూలాలు కట్టగా తేవాలి. పెళ్లయితే ఒక సర్టిఫికెట్ చాలు. అర్ధరాత్రి ఐసీయూ బయట ఆ కట్ట ఎవరి సంచిలో ఉంటుంది? ఈ ఒక్క మాటతో మెత్తబడిన పెద్దవాళ్లను చూశాం. హక్కులు, సమానత్వం అన్న పెద్ద మాటలకు వాళ్లు కదల్లేదు. ఆసుపత్రి అంటే కదిలారు.

నవంబర్ 15 ఉదయం 10 గంటలకు కాన్‌బెర్రాలో ఏబీఎస్ అధిపతి డేవిడ్ కాలిష్ ఫలితం చదివారు. అర్హులు 1,60,06,180 మంది. జవాబు పంపినవాళ్లు 1,27,27,920, అంటే 79.5 శాతం. యెస్ 78,17,247, అంటే 61.6 శాతం. నో 48,73,987, అంటే 38.4 శాతం. అన్ని రాష్ట్రాల్లోనూ యెస్‌కే మెజారిటీ. యువకులే గెలిపించారన్న మాట ఒకటి ఊరంతా తిరిగింది గానీ, జవాబు పంపడంలో అందరికన్నా ముందున్నది 70 నుంచి 74 ఏళ్లవాళ్లు, 89.6 శాతం. వెనకబడ్డది 25 నుంచి 29 ఏళ్లవాళ్లు, 71.9 శాతం. తరచూ ఇళ్లు మారేది ఆ వయసువాళ్లే, పోస్టు డబ్బా ఎక్కడుందో తెలియనిదీ వాళ్లకే.

150 నియోజకవర్గాల్లో 17 చోట్ల నో గెలిచింది. వాటిలో 12 పశ్చిమ సిడ్నీవే. బ్లాక్స్‌లాండ్‌లో నో 73.9 శాతం. మన తెలుగువాళ్లు బాగా ఉండే పరమట్టాలో యెస్ 38.4, నో 61.6. దేశం అంకెల్ని తిప్పి పెట్టినట్టు సరిగ్గా అంతే. పక్కనే గ్రీన్‌వేలోనూ నో 53.6. ప్లెబిసైట్ ఆలోచన తెచ్చిన టోనీ అబాట్ సొంత నియోజకవర్గం వారింగాలో మాత్రం యెస్ 75 శాతం.

ఆ వారమంతా పేపర్లు వలసవాళ్ల మీద పడ్డాయి. అంకెలు చదవడం వచ్చినవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఫారం ఎవరి మతమూ అడగలేదు, భాషా అడగలేదు. బయటపడ్డది నియోజకవర్గం మొత్తం, వయసు, ఆడా మగా, అంతే. పరమట్టాలో తెలుగువాళ్లతో పాటు తమిళులు, గుజరాతీలు, చైనీయులు, లెబనీస్ క్రైస్తవులు, ముస్లింలు, ఇంకా నాలుగు తరాలుగా ఉన్న తెల్లవాళ్లూ ఉన్నారు. 61.6లో ఎవరి వాటా ఎంతో ఆ పట్టిక చెప్పదు. మెల్‌బోర్న్ పడమట టార్నీట్ చుట్టూ తెలుగువాళ్లు దట్టంగా ఉన్న లాలర్‌లో యెస్ గెలిచింది. ఇంకో సంగతి కూడా ఉంది: యెస్ ప్రచారం నగర మధ్యంలో గట్టిగా, మా వైపు పలచగా జరిగింది. మన భాషల్లో మాట్లాడేవాళ్లు వచ్చేసరికి కవర్లు పోస్టు డబ్బాలో పడిపోయాయి.

సర్వే ఫలితం చట్టం కాదు. ఫలితం వచ్చిన రోజే సెనేటర్ డీన్ స్మిత్ బిల్లు పెట్టారు. నవంబర్ 29న సెనేట్‌లో 43-12తో గెలిచింది. డిసెంబర్ 7న దిగువ సభలో వ్యతిరేకంగా నిలబడ్డది నలుగురే, కొందరు బయటికెళ్లిపోయారు. డిసెంబర్ 9 నుంచి అమలు. పెళ్లి ఇప్పుడు "ఇద్దరు వ్యక్తుల" కలయిక. విదేశాల్లో అప్పటికే చెల్లుబాటుగా జరిగిన స్వలింగ వివాహాలకూ ఆ రోజు నుంచే గుర్తింపు వచ్చింది. అంతవరకు ఇక్కడ విడాకులు తీసుకునే దారి లేనివాళ్లకు ఆ దారీ తెరుచుకుంది.

ఇప్పుడు చేసుకోదలచిన జంట ముందు నోటీస్ ఆఫ్ ఇంటెండెడ్ మ్యారేజ్ (పెళ్లి చేసుకోబోతున్నామని తెలిపే ఫారం) నింపి సెలబ్రెంట్‌కు, అంటే పెళ్లి జరిపించే అధికారం ఉన్న మనిషికి, ఇవ్వాలి. పెళ్లికి కనీసం నెల ముందు, 18 నెలలకు మించకుండా. పుట్టిన తేదీ, ఊరు చూపడానికి ఇండియన్ పాస్‌పోర్ట్ సరిపోతుంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మనవాళ్లకు వచ్చే పెద్ద తంటా. అన్నిచోట్లా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి. ఇంతకుముందు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ కావాలి. అది తెలుగులో ఉంటే నాటీ (అనువాదకులకు గుర్తింపునిచ్చే ఇక్కడి సంస్థ) గుర్తింపున్న అనువాదకుడితో ఇంగ్లిష్ చేయించాలి. 18 దాటిన సాక్షులు ఇద్దరు. పెళ్లిరోజు చేతికిచ్చే అందమైన సర్టిఫికెట్ వీసాకు, పాస్‌పోర్ట్‌కు పనికిరాదు. సెలబ్రెంట్ 14 రోజుల్లో కాగితాలు పంపాక రాష్ట్ర రిజిస్ట్రీ నుంచి అసలుది విడిగా తెప్పించుకోవాలి. భాగస్వామి ఇంకా హైదరాబాద్‌లోనే ఉంటే, ఇక్కడికొచ్చి పెళ్లాడే ప్రాస్పెక్టివ్ మ్యారేజ్ వీసా కూడా 2017 డిసెంబర్ 9 నుంచి స్వలింగ జంటలకు ఇస్తున్నారు.

ఆ సర్టిఫికెట్ ఇండియాలో చెల్లదు. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ముందుండి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న, పెళ్లిని గుర్తించడం పార్లమెంటు పని అని వదిలేసింది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవొచ్చని, నామినీగా పెట్టుకోవచ్చని 2024లో కేంద్రం స్పష్టం చేసింది గానీ, నామినీ వేరు, వారసుడు వేరు. గుంటూరులో ఇల్లో, కరీంనగర్‌లో పొలమో ఉంటే వీలునామా రాయకపోతే అది భాగస్వామికి రాదు, వారసత్వ చట్టం ప్రకారం రక్తసంబంధీకులకే పోతుంది. న్యూసౌత్‌వేల్స్‌లో పెళ్లికి ముందు రాసిన విల్లు, ఆ పెళ్లిని దృష్టిలో పెట్టుకుని రాసింది కాకపోతే, పెళ్లితో చాలామటుకు రద్దయిపోతుంది. కాబట్టి ఇక్కడి ఆస్తికీ అక్కడి ఆస్తికీ విల్లులు పెళ్లయ్యాకే రాయించుకోండి. ఇండియా ఆస్తికి విడిగా, అక్కడి లాయరుతో.